అనీ బిసెంట్ ఐరిషా, ఇంగ్లిషా? బిట్ వస్తే ఏం పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు గ్రూప్-2కి చదువుతున్నారు. ఒక మెటీరియల్‌లో "అనీ బిసెంట్ ఐర్లాండ్‌లో జన్మించారు" అని ఉంది. ఇంకో పుస్తకంలో లండన్ అని ఉంది. ఆమె జయంతి రోజున పేపర్లో వచ్చిన వ్యాసంలో "ఐర్లాండ్ దేశస్థురాలు" అని రాశారు. మూడింట్లో ఏది నమ్మాలి, పరీక్షలో అడిగితే ఏది గుర్తించాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మన హోంరూల్ ఉద్యమ నాయకురాలు అనీ బిసెంట్ 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టారు. వంశం చూస్తే తల్లి వైపు పూర్తిగా ఐరిష్, తండ్రి వైపు సగం ఐరిష్. ఐర్లాండ్‌లో పుట్టలేదు. ఐర్లాండ్ దేశస్థురాలు కూడా కాదు, ఎందుకంటే అప్పటికి ఐర్లాండ్ అనే వేరే దేశమే లేదు. "ఐరిష్ సంతతికి చెందిన బ్రిటిష్ మహిళ" అంటే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు.

నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత ఆరేడేళ్ళుగా పోటీ పరీక్షల పిల్లలకు ఆధునిక భారతం చెప్తున్నాను, మోడల్ పేపర్ల కీలు కూడా సరిచూస్తుంటాను. బిసెంట్ గురించి ఈ సందేహం ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ విషయంలో మనకు ఉన్న గట్టి ఆధారం ఆమె మాటే. 1893లో అచ్చయిన ఆత్మకథలో మొదటి అధ్యాయంలోనే ఆమె ఈ సంగతి తేల్చేశారు. తన రక్తంలో ముప్పావు వంతు, మనసు మొత్తం ఐరిష్ అనీ, అలాంటిది లండన్‌లో పుట్టానే అన్న లోటు తనకు ఎప్పుడూ ఉందనీ రాసుకున్నారు. అది కూడా బో చర్చి గంటలు వినిపించేంత దగ్గరలో పుట్టానని. ఆ గంటలు వినబడే చోట పుట్టినవాళ్ళే అసలు సిసలు లండన్‌వాళ్ళని అక్కడ ఒక వాడుక ఉంది. అంటే మన పేపర్లు ఐర్లాండ్‌లో పుట్టించిన మనిషి, అక్కడ పుట్టనందుకు తానే బాధపడ్డారన్నమాట.

ముప్పావు వంతు అన్న లెక్క ఎలా వచ్చిందో చూడండి. తల్లి ఎమిలీ మోరిస్ అచ్చమైన ఐరిష్ వంశం. అక్కడితో సగం అయింది. తండ్రి విలియం వుడ్‌కు తల్లి వైపు ఐరిష్, తండ్రి వైపు ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతపు వుడ్ కుటుంబం. అంటే ఆయన నుంచి ఇంకో పావు. మొత్తం ముప్పావు. ఆయన డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివి, వైద్యం నేర్చుకుని, చివరికి లండన్‌లో ఉద్యోగంలో స్థిరపడ్డారు. ఆమెకు అయిదేళ్ళ వయసులో చనిపోయారు. మనవాళ్ళు ఎవరైనా సరే ముందు ఇంటిపేరు అడుగుతాం కదా. ఆమెకు పుట్టింటివారి ఇంటిపేరు వుడ్ వచ్చింది ఆ మిగిలిన పావు వంతు ఇంగ్లిష్ వైపు నుంచి. బిసెంట్ అన్నది 1867లో పెళ్ళాడిన ఫ్రాంక్ బిసెంట్ అనే ఇంగ్లిష్ మతగురువు ఇంటిపేరు. ఆయనతో ఆరేళ్ళకే విడిపోయినా పేరు మాత్రం ఉండిపోయింది. కాబట్టి ఇంటిపేరు చూసి ఆమె ఎవరో చెప్పాలనుకుంటే ఐరిష్ జాడే కనబడదు.

అదే అధ్యాయంలో నాకు బాగా ఇష్టమైన చిన్న ముచ్చట ఒకటి ఉంది. ఆమె తల్లి చిన్నప్పుడు పెళ్ళికాని ఒక మేనత్త దగ్గర పెరిగారు. ఆ ఇల్లు అంత కలిగిన ఇల్లేం కాదు. కానీ ముందుగదిలో నిప్పుగూడు పైన తోలు పత్రం మీద గీసిన పెద్ద వంశవృక్షం వేలాడుతూ ఉండేది. తమ వంశం ఏడుగురు ఫ్రాన్సు రాజుల నుంచి దిగివచ్చిందని ఆ మేనత్త నమ్మకం. పిల్ల ఏదైనా అల్లరి చేస్తే, ఏడుగురు రాజుల వంశంలో పుట్టినదానివి, ఇదా నీ నడవడిక అని మందలించేదట. మన ఇళ్ళల్లో "మన వంశం ఫలానా జమీందారుల నుంచి వచ్చింది" అని తాతయ్యలు చెప్పే కథలకు దీనికి తేడా లేదు. నేను దీన్ని క్లాసులో ఎందుకు చెప్తానంటే, కుటుంబంలో చెప్పుకునే కథ వేరు, ఆధారం వేరు. "ఫ్రాన్సు రాజులు" అన్నది కథ. "లండన్‌లో పుట్టాను, అమ్మ ఐరిష్" అన్నది ఆమె స్వయంగా తెలిసి చెప్పిన మాట. రెండూ ఒకే పుస్తకంలో, పక్కపక్క పేజీల్లో ఉన్నా ఒకే బరువు ఇవ్వకూడదు.

ఇక తప్పు ఎక్కడ పుట్టిందో చెప్తాను. నా ఉద్దేశంలో అసలు దోషి "చెందిన" అనే మాట. మూలంలో "ఐరిష్ సంతతి" అని ఉంటుంది. దాన్ని తెలుగులో రాసేటప్పుడు ఒకరు "ఐరిష్ సంతతికి చెందిన" అని సరిగ్గానే రాస్తారు. తర్వాత రాసినవారు జాగా చాలదని "సంతతి" తీసేసి "ఐరిష్ మహిళ" అంటారు. దాన్ని చూసి ఇంకొకరు "ఐర్లాండ్‌కు చెందిన మహిళ" అంటారు. నాలుగో మనిషి "చెందిన" అంటే అక్కడ పుట్టినట్టే కదా అనుకుని "ఐర్లాండ్‌లో జన్మించిన" అని రాసేస్తారు. అయిదో మనిషి దాన్ని బిట్‌గా మార్చి, ఆప్షన్లలో డబ్లిన్ పెడతారు. ఒక్కొక్కరు వేసింది ఒక్క అడుగే, ఎవరికీ అబద్ధం రాస్తున్నామని తెలీదు. "గుంటూరుకు చెందిన వ్యక్తి" అన్నామనుకోండి, అక్కడ పుట్టాడా, ఉంటున్నాడా, వాళ్ళ పెద్దలది ఆ ఊరా అన్నది ఆ మాటలో తెలీదు. మామూలు వార్తకు పర్వాలేదు గానీ చరిత్రకు ఈ మాట చాలదు.

రెండేళ్ళ క్రితం ఒక కోచింగ్ సెంటర్ మోడల్ పేపర్ కీ నా దగ్గరకు వచ్చింది. బిసెంట్ జన్మస్థలం అన్న బిట్‌కు లండన్, డబ్లిన్ రెండూ ఆప్షన్లుగా ఉన్నాయి. కీలో డబ్లిన్. ఒక అమ్మాయి లండన్ పెట్టి, మార్కు పోయిందని అభ్యంతరం రాసింది. నేను కీ మార్పించి, ఊరుకోలేక, ఆ డబ్లిన్ ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికాను. నాలుగు గైడ్లు దొరికాయి. నాలుగింట్లోనూ అదే వాక్యం, పైగా "దివ్యజ్ఞాన సమాజం" (ఆమె నడిపిన థియోసాఫికల్ సొసైటీ) అని ఉండాల్సిన చోట నాలుగింట్లోనూ "దివ్య సమాజం" అన్న ఒకే అచ్చుతప్పు. అంటే నాలుగు సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యం నాలుగుసార్లు. మీకు కూడా "చాలా పుస్తకాల్లో ఉంది కదా సార్" అని అనిపిస్తే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పుస్తకాలు ఎన్ని అని లెక్కపెట్టకండి, ఒకదాన్ని చూసి ఒకటి రాశారా లేదా అన్నది చూడండి.

పేపర్ల సంగతి ఇంకోలా ఉంటుంది. వాటిది తొందర. జయంతి, వర్ధంతి వ్యాసాలు పోయిన ఏడాది ఫైల్లోంచి తీసి కాస్త మార్చి వేస్తారు. ఒక ఆదివారం అనుబంధంలో బిసెంట్ వ్యాసానికి నివేదిత ఫోటో వేశారు. నేను ఉత్తరం రాస్తే డెస్క్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ఇద్దరూ ఐరిష్ వనితలే అని చదివాను, అందుకే పొరపడ్డాను" అన్నాడు. ఆ అబ్బాయి మర్యాదగా విని, నెట్ ఎడిషన్‌లో మార్చాడు కూడా. అతన్ని తప్పుపట్టలేను, ఆ గందరగోళం నిజంగానే ఉంది.

ఎందుకంటే మన స్వాతంత్ర్యోద్యమంలో నిజంగా ఐర్లాండ్‌లో పుట్టినవాళ్ళు వేరే ఉన్నారు, అందరూ బిసెంట్ చుట్టుపక్కలే కనిపిస్తారు. సోదరి నివేదిత, అసలు పేరు మార్గరెట్ నోబుల్, 1867లో టైరోన్ కౌంటీలోని డంగానన్‌లో పుట్టారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆ ఊరు ఇప్పుడు ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉంది. కానీ ఆమె 1911లోనే చనిపోయారు, ఐర్లాండ్ రెండుగా విడిపోయింది 1921లో. కాబట్టి ఆమెను "ఉత్తర ఐర్లాండ్‌లో జన్మించారు" అనడం కంటే "ఐర్లాండ్‌లో, ఇప్పటి ఉత్తర ఐర్లాండ్‌లో ఉన్న డంగానన్‌లో" అనడం మేలు.

మార్గరెట్ కజిన్స్ రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో పుట్టారు. భర్త జేమ్స్ కజిన్స్‌ది బెల్‌ఫాస్ట్. ఇద్దరూ 1915లో బిసెంట్ పిలుపు మీదే మద్రాసు వచ్చారు. తెలుగువాళ్ళు ఈ దంపతులను మరిచిపోకూడదు. జేమ్స్ కజిన్స్ పనిచేసిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల బిసెంట్ ప్రోద్బలంతో 1915లో మొదలైందే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడికి వచ్చి ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చారు, మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాశారు. మీరు బిట్స్ చదివేటప్పుడు "మదనపల్లె, ఐరిష్ మహిళ" అని కనబడితే అది మార్గరెట్ కజిన్స్, బిసెంట్ కాదు. ఈ రెండూ కలిపేసిన నోట్సు నేను పిల్లల దగ్గర చాలాసార్లు చూశాను.

ఇంకొకాయన్ని చాలామంది పూర్తిగా వదిలేస్తారు. ఆల్‌ఫ్రెడ్ వెబ్. 1834లో డబ్లిన్‌లో పుట్టారు, ముద్రాపకుడు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు, ఐర్లాండ్‌లోని వెస్ట్ వాటర్‌ఫర్డ్ నుంచి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. 1894 మద్రాసు కాంగ్రెస్‌కు అధ్యక్షుడు ఆయనే. అంటే ఐర్లాండ్‌లో పుట్టిన కాంగ్రెస్ అధ్యక్షుడు అని అడిగితే జవాబు వెబ్. "కాంగ్రెస్‌కు తొలి విదేశీ అధ్యక్షురాలు బిసెంట్" అని చదివి కొందరు "తొలి విదేశీయులు బిసెంట్" అని గుర్తుపెట్టుకుంటున్నారు, అదీ తప్పే. 1888లో జార్జ్ యూల్, 1889లో విలియం వెడర్‌బర్న్, 1894లో వెబ్, 1904లో హెన్రీ కాటన్, 1910లో మళ్ళీ వెడర్‌బర్న్, ఆ తర్వాతే 1917లో బిసెంట్. మహిళల్లో తొలి అధ్యక్షురాలు మాత్రం ఆమెనే. భారతీయ మహిళల్లో అయితే 1925లో సరోజినీ నాయుడు.

సరోజినీ నాయుడు పేరు వచ్చింది కాబట్టి, పుట్టుకకూ వంశానికీ ఉన్న తేడా క్లాసులో నేను ఎలా చెప్తానో రాస్తాను. ఆమె పుట్టింది హైదరాబాద్‌లో. తల్లిదండ్రులు బెంగాలీలు. నాయుడు అన్నది భర్త గోవిందరాజులు నాయుడు పేరు. ఆమె తెలుగామా, బెంగాలీనా అంటే ఒక్క మాటలో చెప్పలేం. తర్వాత వి.వి. గిరి గారు. 1894లో బరంపురంలో పుట్టారు, అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు ఒడిశా. ఇంట్లో మాట్లాడేది తెలుగు. 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో లా చదివారు, అక్కడి ఉద్యమకారులతో తిరిగారు. ఐర్లాండ్ నేల మీద మూడేళ్ళు బతికిన గిరి గారిని ఎవరూ ఐరిష్ అనరు, ఒడిశాలో పుట్టినా ఒడియా అనరు. "మరి బిసెంట్ విషయంలో మాత్రం పుట్టుక, వంశం, దేశం మూడూ ఎందుకు కలిపేస్తున్నారు?" అని అడిగితే పిల్లలకు వెంటనే వెలుగుతుంది.

ఆమెను ఐరిష్ అనడానికి ఇంకో బలమైన కారణం హోంరూల్. ఆ మాటే ఐర్లాండ్ నుంచి వచ్చింది. 1870లో ఐజాక్ బట్ అక్కడ స్వపరిపాలన కోసం సంఘం పెట్టారు. 1886లో బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ తెచ్చిన బిల్లు ఓడిపోయింది. 1914లో చట్టమైతే అయింది గానీ యుద్ధం పేరు చెప్పి పక్కన పెట్టారు. 1916లో ఇక్కడ ఏప్రిల్‌లో తిలక్, సెప్టెంబరులో బిసెంట్ హోంరూల్ లీగ్‌లు పెట్టేటప్పటికి ఆ మాట ప్రపంచమంతా తెలుసు. ఐరిష్ ఉద్యమం పేరు పెట్టుకున్నారు కాబట్టి ఐరిష్ మనిషి అని జనం అనుకున్నారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. ఐర్లాండ్ వ్యవహారం ఆమె మనసుకు దగ్గరిదే. 1867లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఆమె మాంచెస్టర్‌లో రాబర్ట్స్ అనే లాయర్ ఇంట్లో అతిథిగా ఉన్నారు. పోలీసు బండి నుంచి ఐరిష్ విప్లవకారులను విడిపించిన కేసులో ముద్దాయిల తరఫున పనిచేసింది ఆయనే. ఆడవాళ్ళంతా గుర్రపు బండిలో వెళ్తుంటే కోపంతో ఉన్న ఐరిష్ జనం అడ్డుకున్నారు. లోపల ఉన్నది రాబర్ట్స్ ఇంటివాళ్ళని తెలియగానే అదే జనం జేజేలు కొట్టి దారిచ్చారు. ఆ నవంబరులో ముగ్గురిని ఉరితీశారు. పాతికేళ్ళ తర్వాత ఆత్మకథ రాస్తూ కూడా ఆమె ఆ కేసును ఎంతో ఆవేదనతో గుర్తుచేసుకున్నారు.

అయితే దీన్ని సాగదీసి "ఐరిష్ రక్తం కాబట్టి బ్రిటిష్‌వాళ్ళ మీద పగతో భారతదేశం వైపు నిలిచారు" అని రాస్తారే, ఆ వాక్యం నేను ఒప్పుకోను. మెయిన్స్‌లో మీరూ రాయకండి. ఆమె కోరింది సామ్రాజ్యంలో ఉంటూనే స్వపరిపాలన. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగితే, దాన్ని మెచ్చుకుంటూ జేమ్స్ కజిన్స్ ఆమె పత్రిక న్యూ ఇండియాలో రాశారు. ఆ రాత వల్ల ఆయన్ను ఆమె ఉద్యోగంలోంచి తీసేయాల్సి వచ్చింది. ఆయన మదనపల్లె చేరింది ఆ తర్వాతే. మనసంతా ఐరిష్ అన్న మనిషి, బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన మనిషిని ఐరిష్ తిరుగుబాటు గురించి రాసినందుకు పంపించారంటే, రక్తం చూసి రాజకీయం చెప్పలేమని తెలుస్తోంది కదా.

దీనికి ఎదురు ఉదాహరణ ఇంకా గట్టిది. 1919లో జలియన్‌వాలా బాగ్ జరిగినప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉండి డయ్యర్‌ను వెనకేసుకొచ్చిన మైకేల్ ఓడ్వయర్ ఎవరనుకున్నారు? టిప్పరరీ కౌంటీలో పుట్టిన ఐరిష్ క్యాథలిక్. కాల్పులు జరిపించిన డయ్యర్ పుట్టింది ఇప్పటి పాకిస్తాన్‌లోని మర్రీలో, చదివినదాంట్లో కొంత ఐర్లాండ్‌లోని కార్క్ కౌంటీలో. పుట్టుకే మనిషిని నడిపిస్తే ఈ లెక్కలు ఎక్కడా కుదరవు. బిసెంట్ మనకోసం జైలు లాంటి నిర్బంధం భరించారు. 1917లో ఊటీలో మూడు నెలల పాటు ఉంచితే, ఆ ఇంటి మీదే ఎరుపు ఆకుపచ్చ హోంరూల్ జెండా ఎగరేశారు. అప్పటికి ఆమెకు డెబ్భై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. అది ఆమె ఆలోచించి, తేల్చుకుని చేసిన పని. దాన్ని రక్తం ఖాతాలో వేస్తే ఆమె కష్టాన్ని తక్కువ చేసినట్టే అని నాకు అనిపిస్తుంది.

జాతీయత సంగతి కూడా ఒకసారి చూద్దాం. 1801 నుంచి 1922 దాకా ఐర్లాండ్ మొత్తం యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమే. అంటే ఆమె పుట్టినప్పుడు, ఇండియా వచ్చినప్పుడు (1893 నవంబరు), కాంగ్రెస్ అధ్యక్షురాలు అయినప్పుడు డబ్లిన్‌లో పుట్టినవాళ్ళు కూడా చట్టప్రకారం బ్రిటిష్ ప్రజలే. ఐరిష్ ఫ్రీ స్టేట్ అనే వేరే రాజ్యం 1922లో ఏర్పడేనాటికి ఆమెకు డెబ్భై అయిదేళ్ళు, ఉంటున్నది మద్రాసులోని అడయారులో. 1933 సెప్టెంబరు 20న అక్కడే కన్నుమూశారు.

ఇప్పుడు మీకు కావాల్సిన పరీక్ష సంగతి. ప్రశ్నలో ఏ మాట ఉందో దానికే జవాబు ఇవ్వండి. "జన్మించిన" అంటే లండన్. "సంతతి", "మూలాలు", "వంశం" అంటే ఐరిష్. "జాతీయత" అంటే బ్రిటిష్. చిక్కల్లా "ఏ దేశానికి చెందినవారు" అని అడిగినప్పుడే. ఆప్షన్లలో ఇంగ్లండ్ లేదా బ్రిటన్ మాత్రమే ఉంటే అది, ఐర్లాండ్ మాత్రమే ఉంటే అది పెట్టండి, టెన్షన్ పడక్కర్లేదు. రెండూ ఉంటే నేనైతే బ్రిటన్ పెడతాను, ఎందుకంటే దానికి ఆధారం చూపించగలను. నేను చూసిన కొన్ని కీలలో ఐర్లాండ్ ఇచ్చారు, ఆ రిస్క్ ఉందని తెలిసే చెప్తున్నాను.

కీ అలా వస్తే ఊరుకోకండి, గడువులోపల అభ్యంతరం పెట్టండి. దానికి జతచేయాల్సింది గైడ్ పేజీ కాదు, పేపర్ కటింగ్ కాదు. ఆమె ఆత్మకథ మొదటి అధ్యాయంలో లండన్ అని ఉన్న పేజీ. దానికి కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ఇంగ్లిష్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన మూడు లైన్లు రాయండి: ప్రశ్నలో ఏమడిగారు, కీలో ఏమిచ్చారు, ఆమె ఏం రాశారు. ఇందాక చెప్పిన ఆ అమ్మాయి అభ్యంతరం కూడా సరిగ్గా అలాగే ఉంది, ఒకే ఒక్క కాగితం.